పళ్లెం కాలింది... డబ్బా కాలలేదు!

పోయిన నెల్లో ఓ ఆదివారం. పొద్దుటి ఉప్మా మిగిలితే మా అమ్మ మైక్రోవేవ్‌లో పెట్టి వేడిచేసింది. రోజూ వాడే గాజుగిన్నెలో కాదు, గృహప్రవేశానికి ఎవరో కానుకగా ఇచ్చిన పూలపూల పళ్లెంలో. రెండు నిమిషాలు గడిచాయి. గంట మోగింది. తలుపు తీసి పళ్లెం పట్టుకుంది... అంతే! 'అమ్మో' అంటూ వదిలేసింది. ఉప్మా నేలపాలు. అమ్మ వేళ్లు రెండు ఎర్రగా కందిపోయాయి. చిత్రమేమిటంటే, కిందపడ్డ ఉప్మా మాత్రం గోరువెచ్చగానే ఉంది!

వేళ్లను కుళాయి కింద పెట్టి ఉంచినంతసేపూ అమ్మ ఒకటే ప్రశ్న. "నిన్న ఇందులోనే ప్లాస్టిక్ డబ్బాలో పప్పు వేడిచేశానే. పప్పు పొగలు కక్కింది, డబ్బా మామూలుగానే ఉంది. అదీ ప్లాస్టిక్కే, ఇదీ ప్లాస్టిక్కే కదే. మరి ఇదెందుకు కాలింది?"

నా దగ్గర జవాబు లేదు. నేను చదివింది జర్నలిజం డిప్లొమా. ఇంటర్‌లో ఫిజిక్స్‌తో నా స్నేహం అంతంతమాత్రం. ఇలాంటప్పుడు మాకున్న దిక్కు మావయ్య. డిగ్రీ కాలేజీలో ముప్పయ్యేళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. ఫోన్ చేశాను.

"ముందు పళ్లెం తిరగేసి చూడమ్మా. వెనకేం రాసుంది?"

"మెలమైన్ అనుంది మావయ్యా."

"డబ్బా అడుగున?"

"మూడు బాణాల త్రికోణం. మధ్యలో 5 అంకె. కింద పీపీ అనుంది."

"పాలీప్రొపిలీన్. ఇంకేం, దొరికిపోయారు ఇద్దరూ! నీకు ఈ వారం రాసుకోడానికి ఓ కథ దొరికింది. తీరిగ్గా కూర్చో, చెబుతా" అన్నాడు.

ఆ తీరిక ఆ రోజుతో అయిపోలేదు. ఆయన చెప్పింది విని, ఆపైన నాలుగు పుస్తకాలు తిరగేస్తే, మా ఇంటి పళ్లెం నన్ను ఎక్కడెక్కడికో తీసుకెళ్లింది. జ్యూరిచ్‌కి, బెర్లిన్‌కి, యుద్ధకాలపు అమెరికాకి... చివరికి, రెండేళ్ల కిందట ఆస్పత్రిలో మా నాన్న మంచం పక్కన వేలాడిన ఓ సీసా దగ్గరికి.

అణువుకో బాణం

నీటి అణువు సంగతి మనందరం చదువుకున్నదే. ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు. అయితే ఆక్సిజన్ కాస్త స్వార్థపరురాలు. ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. దాంతో అటువైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం. ఒక్కో నీటి అణువునూ ఓ బుల్లి బాణం అనుకోండి. ఒక కొస ప్లస్సు, రెండో కొస మైనస్సు. శాస్త్రజ్ఞులు దీన్ని డైపోల్ అంటారు. ఆ బాణం ఎంత బలమైందో చెప్పేది డైపోల్ మూమెంట్. మన తెలుగు మీడియం పుస్తకాల్లో 'ద్విధ్రువ భ్రామకం' అని ఉంటుంది. నోరు తిరగడం కష్టంగానీ, పేరులోనే అర్థముంది.

మైక్రోవేవ్ పొయ్యి చేసే పనల్లా ఈ బాణాలను ఆడించడమే. అందులోని విద్యుత్ క్షేత్రం సెకనుకు 245 కోట్ల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఉప్మాలో ఉన్న నీటి బాణాలు దాంతోపాటు తిరగబోతాయి. పక్క అణువులు అడ్డొస్తాయి. ఆ తోపులాటే వేడి. బాణంలేని పదార్థానికి ఈ గొడవ పట్టదు. పాలీప్రొపిలీన్ డబ్బా అలాంటిది. అందులో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. వాటిమధ్య లాగులాట దాదాపు లేదు.

మెలమైన్‌లో అలా కాదు. దాన్నిండా నైట్రోజన్లు, వాటికి తగిలించిన హైడ్రోజన్లు, అక్కడక్కడా ఆక్సిజన్లు. అంటే అడుగడుక్కీ బాణాలే. పళ్లెం గట్టిదే, అణువు మొత్తంగా గిర్రున తిరగలేదు నిజమే. కానీ దానికి వేలాడే చిన్నచిన్న ముక్కలు కదలగలవు. పైగా కాస్త తేమను పట్టి ఉంచుకునే గుణమూ ఉంది. అందుకే ఉప్మాకు అందాల్సిన వేడిని దారిలోనే అది కాజేసింది. అమెరికాలో ఆహార, ఔషధాల నాణ్యతను చూసే సంస్థ కూడా మెలమైన్ పాత్రల్లో పెట్టి మైక్రోవేవ్ చేయొద్దనే చెబుతోంది. మీ ఇంట్లో అనుమానమున్న పళ్లెం ఉంటే ఓ చిన్న పరీక్ష చేయొచ్చు. ఖాళీ పళ్లెం పక్కనే కప్పు నీళ్లు పెట్టి ఒక్క నిమిషం తిప్పండి. నీళ్లు వేడెక్కి పళ్లెం చల్లగా ఉంటే ఫర్వాలేదు. పళ్లెమే కాలితే దాన్ని భోజనాల బల్లకే పరిమితం చేయండి.

అమ్మకు ఇంతవరకు చాలు. నాకే చాల్లేదు. "ఒక్కో ముక్కకూ ఒక్కో బాణం ఉంటే, పొడవాటి ప్లాస్టిక్ అణువులో వేల బాణాలుంటాయి కదా మావయ్యా. అవన్నీ కలిస్తే ఎంతవుతుంది?" అనడిగాను.

ఆయన ఓ క్షణం మాట్లాడలేదు. "ఆ ప్రశ్న అడగడానికి డిబైకి ముప్పయ్యేళ్లకు పైనే పట్టిందమ్మా" అన్నాడు.

కండెన్సర్‌తో కొలిచిన ఆకారం

పీటర్ డిబై 1884లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో పుట్టారు. మొదట చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. 1911లో జ్యూరిచ్ విశ్వవిద్యాలయంలో ఐన్‌స్టీన్ ఖాళీ చేసిన ప్రొఫెసర్ పదవిలో కూర్చున్నారంటే ఆయన స్థాయి అర్థమవుతుంది. మరుసటి ఏడాదే, 1912లో, కొన్ని అణువులకు పుట్టుకతోనే డైపోల్ ఉంటుందని చెబుతూ దాన్ని కొలిచే దారి చూపించారు.

ఆ కొలత మన ఇంట్లో ఉన్న వస్తువుతోనే అర్థమవుతుంది. సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే ఎలక్ట్రీషియన్ వచ్చి "కండెన్సర్ పోయిందండీ" అని కొత్తది వేస్తాడు చూడండి, అదే. కండెన్సర్ అంటే ఎదురెదురుగా రెండు లోహపు రేకులు, మధ్యలో ఏదో ఒక పదార్థం. మధ్యలో ఏమీ లేనప్పుడు పట్టే విద్యుదావేశం కంటే, బెంజీన్ పోస్తే 2.3 రెట్లు ఎక్కువ పడుతుంది. నీళ్లయితే మామూలు వేడిమి దగ్గర దాదాపు 80 రెట్లు! ఎందుకంటే నీటి బాణాలు రేకులవైపు తిరిగి వరసకట్టడానికి చూస్తాయి. దీన్నే ధ్రువణం అంటారు. వేడి పెంచితే ఆ వరస చెదిరిపోతుంది, అంకె తగ్గుతుంది. ఎంత వేడికి ఎంత తగ్గిందో చూసి, ఒక్కో బాణం బలమెంతో లెక్కకట్టొచ్చు. ఆ బలాన్ని కొలిచే ప్రమాణానికి ఇప్పుడు ఆయన పేరే. నీటి అణువుది 1.85 డిబైలు.

ఇందులో అసలు మజా ఎక్కడుందంటే... కార్బన్ డయాక్సైడ్‌లో కూడా ఆక్సిజన్లు రెండు, లాగులాట గట్టిదే. కానీ దాని డైపోల్ మూమెంట్ సున్నా! ఎలా? రెండు ఆక్సిజన్లూ కార్బన్‌కి అటొకటి ఇటొకటి సరిగ్గా ఎదురెదురుగా ఉంటేనే రెండు లాగుళ్లూ కొట్టేసుకుంటాయి. అంటే ఆ అణువు నిటారుగా ఉన్నట్టు. నీటి అణువుకు సున్నా కాదు కాబట్టి అది వంగి ఉన్నట్టు. కంటికి కనిపించని అణువు నిటారో వంకరో రెండు రేకుల కండెన్సర్ చెప్పేసింది! ఈ పనికీ, ఎక్స్‌కిరణాల మీద చేసిన పనికీ కలిపి డిబైకి 1936లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

ఆయన గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. నోబెల్ వచ్చేనాటికి ఆయన ఉన్నది హిట్లర్ జర్మనీలో. 1938 జులైలో, యూదు శాస్త్రజ్ఞురాలు లీజ్ మైట్నర్ జర్మనీ నుంచి తప్పించుకోవడానికి సాయపడినవాళ్లలో ఆయన ఒకరు. అదే ఏడాది డిసెంబరులో జర్మన్ ఫిజికల్ సొసైటీ అధ్యక్షుడిగా, యూదు సభ్యులు తప్పుకోవాలన్న లేఖమీద సంతకం చేసిందీ ఆయనే. జర్మన్ పౌరసత్వం తీసుకోమంటే ఒప్పుకోక 1940లో అమెరికా వెళ్లి కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ సంతకం మీద 2006లో నెదర్లాండ్స్‌లో పెద్ద గొడవే జరిగింది. ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం తన పరిశోధనా సంస్థకున్న డిబై పేరు తీసేసింది. విచారణ సంఘం పేరు ఉంచొచ్చని 2008లో చెప్పాక మళ్లీ పెట్టింది. ఆ లేఖ ఎన్నిసార్లు గుర్తుకొచ్చినా నాకైతే మింగుడుపడలేదు. మైట్నర్ సంగతి గుర్తుకొచ్చినప్పుడు ఆయన్ని పూర్తిగా తోసిపుచ్చాలనీ అనిపించలేదు.

సేమ్యా పాయసం లెక్క

మళ్లీ మన గొలుసు దగ్గరికొద్దాం. అసలు ప్లాస్టిక్కులూ రబ్బరూ పొడవాటి గొలుసు అణువులన్న సంగతినే చాలాకాలం ఎవరూ నమ్మలేదు. చిన్న అణువులే ఏదో మూటకట్టుకుని ఉంటాయనుకునేవారు. కాదు, వేలాది ముక్కలు చేయీచేయీ పట్టుకున్న ఒకే అణువని 1920లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టాడింగర్ వాదించారు. ఆయనకు నోబెల్ 1953లో వచ్చింది. ముప్పైమూడేళ్లు ఆగాల్సొచ్చింది పాపం!

అమెరికా వెళ్లాక డిబై చేతికొచ్చింది కూడా రబ్బరే. 1942లో జపాన్ మలయాను ఆక్రమించుకోవడంతో అమెరికాకు రబ్బరు రావడం ఆగిపోయింది. టైర్లు లేకుండా యుద్ధమెలా చేస్తారు? కృత్రిమ రబ్బరు తయారీకి ప్రభుత్వం పెద్దఎత్తున పూనుకుంది. ఆ గొలుసులు ఎంత పొడవున్నాయో తెలుసుకోవడమెలా? వాటిని ద్రవంలో కరిగించి, కాంతి ఎంత చెదురుతోందో చూసి చెప్పే పద్ధతిని డిబై ఆ రోజుల్లోనే రూపొందించారు. పొడవు తేలింది. మిగిలింది... ఆకారం. దానికి మళ్లీ తన పాత బాణాలనే బయటికి తీశారు.

ఇక్కడ 'కరిగించి' అన్న మాట ముఖ్యం. గట్టి ప్లాస్టిక్ ముక్కలో గొలుసులన్నీ ఒకదాన్నొకటి చుట్టుకుని బిగుసుకుపోయి ఉంటాయి. ఏది ఎవరి బాణమో, ఎవరు ఎవర్ని అడ్డుకుంటున్నారో తెలీదు. సేమ్యా పాయసం బాగా చిక్కబడితే గరిటకు ముద్దే వస్తుంది. అందులో బోలెడన్ని పాలు పోయండి, ఒక్కో సేమ్యా పోగూ విడివిడిగా తేలుతుంది. కొలవాలంటే అలా ఉండాలి. ఇంటికి పైపులు వేసే ప్లంబర్ దగ్గరుండే 'గమ్ము' డబ్బా చూశారా? అందులో ఉన్నది సాల్వెంట్లలో కరిగించిన పీవీసీయే. పైపు గొట్టంలో బిగుసుకుపోయి ఉన్న గొలుసులే, ఆ డబ్బాలో వదులై ఈదుతుంటాయి. ప్రయోగశాలలో అయితే దానికంటే ఎంతో పలచగా కలుపుతారు. కలిపే ద్రవానికి సొంత బాణం లేకుండా, బెంజీన్ లాంటిది ఏరుకుంటారు. లేకపోతే ద్రవం గోలలో గొలుసు మాట వినపడదు.

చుట్టూ ఉన్నవాటికీ బాణాలుంటే లెక్క ఎలా చేయాలన్నది వేరే తలనొప్పి. దాన్ని తేల్చింది లార్స్ ఆన్సాగర్ అనే నార్వే కుర్రాడు. ఈయన 1925లో జ్యూరిచ్‌లో డిబై గదిలోకి నేరుగా వెళ్లి, ఉప్పునీటి లాంటి ద్రావణాల మీద మీ సిద్ధాంతం తప్పని చెప్పేశాడట. డిబై కోప్పడలేదు సరికదా, తన దగ్గరే ఉద్యోగమిచ్చారు! అయితే 1936లో ఆన్సాగర్ డైపోల్ లెక్కను సరిదిద్దుతూ వ్యాసం పంపితే మాత్రం, తాను సంపాదకుడిగా ఉన్న పత్రికలో వేయడానికి ఒప్పుకోలేదు. అది అమెరికాలో అచ్చయింది. ఇప్పుడు విద్యార్థులు డిబై సమీకరణం చదివిన వెంటనే చదివేది ఆన్సాగర్‌దే.

తాగుబోతు నడక

సరే, పలచటి ద్రవంలో ఒంటరి గొలుసు ఉంది. పదివేల ముక్కలు. ముక్కకో బాణం. మొత్తం ఎంత? పదివేల రెట్లు అని నేననుకున్నాను. మీరూ అదే అనుకుని ఉంటారు.

"కల్లుపాక నుంచి ఒకడు బయటికొచ్చాడనుకో" అన్నాడు మావయ్య. "ఒళ్లు తెలీదు. ఒక అడుగు తూర్పుకేస్తాడు, తర్వాతిది ఎటేస్తాడో వాడికే తెలీదు. పదివేల అడుగులేశాక పాకకు ఎంత దూరంలో ఉంటాడు?"

సగటున దాదాపు వందడుగుల దూరంలో! పదివేలకు వర్గమూలం వంద కదా, అదన్నమాట. ముందుకేసిన అడుగుల్ని వెనక్కేసినవి చాలావరకు కొట్టేస్తాయి. పూర్తిగా కొట్టేయవు. మిగిలేది వర్గమూలమంత. ఈ లెక్కను 1905లో కార్ల్ పియర్సన్ 'నేచర్' పత్రిక పాఠకుల ముందు ప్రశ్నగా పెడితే, జవాబు శబ్ద తరంగాల లెక్కల్లో ఎప్పుడో దొరికిందని లార్డ్ రేలీ చెప్పారు. గొలుసు అణువులు ద్రవంలో చుట్టుకునే తీరుకు అదే లెక్క సరిపోతుందని 1934లో వెర్నర్ కూన్ చూపించారు. వదులుగా ఉన్న గొలుసు ప్రతి ముక్క దగ్గరా ఇష్టమొచ్చినట్టు మలుపు తిరుగుతుంది. దానిమీదున్న బాణాలూ అంతే. పదివేల బాణాలున్నా మొత్తమ్మీద వందబాణాలంత బలమే.

1951లో డిబై, కార్నెల్‌లో ఒక సహచరుడితో కలిసి, ధ్రువ గుణమున్న పాలిమర్ల డైపోల్ మూమెంట్లను ద్రావణంలో కొలిచి, వాటి నిర్మాణంతో ముడిపెడుతూ వ్యాసం రాశారు. అసలు గొలుసు తాగుబోతంత స్వేచ్ఛాజీవి కాదు. పక్క ముక్కలు అడ్డొచ్చి కొన్ని మలుపుల్ని ఒప్పుకోవు. కాబట్టి కొలత వర్గమూలం లెక్కకు సరిగ్గా రాదు, కాస్త తేడా ఉంటుంది. ఆ తేడాలోనే రహస్యమంతా ఉంది. గొలుసు ఎక్కడ వంగగలదు, ఎక్కడ వంగలేదు అనేది అది చెబుతుంది.

బాణం గొలుసుకు ఎలా తగిలించి ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది. 1960ల్లో వాల్టర్ స్టాక్‌మేయర్ దీన్ని మూడు రకాలుగా విడగొట్టారు. గొలుసు పొడవునా బాణం పడుకుని ఉంటే ఒక రకం, సహజ రబ్బరు అలాంటిది. గొలుసుకు అడ్డంగా బిగించి ఉంటే మరొకటి, పీవీసీ. పక్కన వేలాడే కొమ్మమీద ఉంటే మూడోది, షాపుల బోర్డులకు వాడే యాక్రిలిక్ షీటు.

ఇక్కడో చిన్న పక్కదారి. పాత కేబుల్ టీవీ వైరు ముక్క ఉంటే అడ్డంగా కోసి చూడండి. పైన నల్లటి తొడుగు సాధారణంగా పీవీసీ. లోపల రాగి తీగ చుట్టూ ఉన్న తెల్లటిది పాలిథిన్. రెండూ ఎందుకు? పీవీసీలో క్లోరిన్ బాణాలున్నాయి. ఇంట్లో కరెంటుకు ఫర్వాలేదుగానీ సెకనుకు కోట్లసార్లు ఊగే టీవీ సంకేతాన్ని అది దారిలోనే తినేస్తుంది. పాలిథిన్‌కు బాణం దాదాపు లేదు, సంకేతం జోలికి పోదు. 1933లో ఇంగ్లండులో అనుకోకుండా తయారైన పాలిథిన్‌కు మొదటి పెద్ద గిరాకీ క్యారీ బ్యాగులతో రాలేదు... రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ కేబుళ్లతో వచ్చింది. మన ఫ్యాను కండెన్సర్లో ఉండే పలచటి పొర కూడా అమ్మ పప్పు డబ్బా జాతిదే, పాలీప్రొపిలీన్.

అందరూ ఒకవైపే లాగితే

ఇంతవరకు చెప్పింది వదులు గొలుసుల కథ. మరి బిగువైన గొలుసులో?

మన ఒంట్లోని ప్రొటీన్లు కూడా పాలిమర్లే. అమైనో ఆమ్లాలు ముక్కలుగా కట్టిన గొలుసులు. డిబై ఆ వ్యాసం రాసిన 1951లోనే లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు మరో సంగతి బయటపెట్టారు. ప్రొటీన్ గొలుసు చాలాచోట్ల స్ప్రింగులా మెలితిరిగి ఉంటుందనీ, ఒక్కో చుట్టుకు 3.6 ముక్కలుంటాయనీ. దీన్నే ఆల్ఫా హెలిక్స్ అంటారు. జడ అల్లినట్టు అనుకోండి. ఈ జడలో ప్రతి ముక్క బాణమూ దాదాపు ఒకేవైపు, జడ పొడవునా తిరిగి ఉంటుంది. తాడు లాగుడు పోటీలో ఒక జట్టంతా ఒకేవైపు లాగినట్టు! ఇక కొట్టేసుకోవడాలుండవు. వర్గమూలం ఉండదు. కూడికే.

తేడా ఎంతుంటుందో చూడండి. ఒక్కో ముక్క బాణం సుమారు 3.5 డిబైలు. 500 ముక్కల గొలుసు తీసుకుంటే, వదులుగా ఉన్నప్పుడు వర్గమూలం లెక్కన 80 డిబైల దాకా వస్తుంది. అదే జడగా మెలిక పడితే 1,750! అవే ముక్కలు, అవే బాణాలు. మారింది ఆకారమొక్కటే.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. 1950ల చివర్లో జపాన్ శాస్త్రజ్ఞుడు అకియోషి వాడా ప్రయోగశాలలో తయారుచేసిన ఓ కృత్రిమ ప్రొటీన్ గొలుసును ద్రావణంలో కొలిచారు. గొలుసు పొడవు పెరిగేకొద్దీ డైపోల్ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతూ పోయింది. జడ నిజమేనని కండెన్సర్ సాక్ష్యమిచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందే హార్వర్డ్‌లో పాల్ డోటీ బృందం, ద్రవాన్ని మారిస్తే ఆ జడ విడిపోయి వదులుదారంలా అయిపోతుందని చూపించింది.

నాన్న మంచం పక్కన సీసా

హార్వర్డ్ అనగానే నాకు ఆగాలనిపించింది. ఎందుకంటే అక్కడ దీనికి ముందే ఇంకో కథ ఉంది.

రెండేళ్ల కిందట మా నాన్నకు కాలేయం జబ్బు చేసి పదిరోజులు ఆస్పత్రిలో ఉన్నారు. కాళ్లు ఉబ్బిపోయాయి. "ఆల్బుమిన్ ఎక్కించాలి, తెచ్చుకోండి" అని చీటీ రాసిచ్చారు. చిన్న సీసా. లోపల లేత పసుపు రంగు ద్రవం. ధర చూసి గుండె గుభేలుమంది. తమ్ముడూ నేనూ మూడు మందులషాపులు తిరిగి తెచ్చాం. బొట్లుబొట్లుగా దిగుతుంటే, ఇందులో ఏముందో అంత ఖరీదు అనుకుంటూ రాత్రంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. మనుషులు ఇచ్చిన రక్తం నుంచి తీసిన ప్రొటీనని నర్సు చెప్పింది. రక్తంలో వందలరకాల ప్రొటీన్లుంటాయి కదా, అందులోంచి ఇదొక్కటే ఎలా తీశారన్నది మాత్రం అప్పుడు తోచలేదు.

అది మొదట చేసిందెవరో ఈ మధ్యే తెలిసింది. ఎడ్విన్ కోన్. హార్వర్డ్‌లో ఆయన బృందం 1930ల్లో, ప్రొటీన్లు ద్రావణంలో ఎంత బలమైన డైపోల్స్‌గా ఉంటాయో ఓపిగ్గా కొలుస్తూ వచ్చింది. జెఫ్రీస్ వైమన్, ఆన్‌క్లీ లాంటివాళ్లు ఆ పని మీదే ఉన్నారు. ఒక్కో ప్రొటీన్‌కూ కొన్ని వందల డిబైల దాకా తేలింది. నీటిదెంత? 1.85. ఇంత పెద్ద బాణాలూ ఆవేశాలూ ఉన్న అణువులు నీటిలో ఎప్పుడు కరుగుతాయి, ఎప్పుడు అడుగుకు దిగుతాయి అన్నది ఆ నీటి గుణాన్ని బట్టి ఉంటుంది. అందులో చల్లటి ఆల్కహాలు కలిపితే నీటి ధ్రువ బలం తగ్గుతుంది. ఉప్పు, పులుపు, చలి కూడా కొద్దికొద్దిగా మారిస్తే ఒక్కో ప్రొటీన్ ఒక్కో మెట్టు దగ్గర విడిపోతుంది. ఆల్బుమిన్ దాదాపు ఆఖరిదాకా ద్రవంలోనే నిలుస్తుంది.

ఎవరికి పనికొస్తుందీ కొలతల పిచ్చి అని అప్పట్లో అడిగినవాళ్లు ఉండే ఉంటారు. యుద్ధం వచ్చింది. గాయపడ్డ సైనికులకు రక్తం బదులు తేలిగ్గా మోసుకెళ్లగలిగేది కావాలన్నారు. కోన్ బృందం ఆల్బుమిన్ తీసి ఇచ్చింది. 1941 డిసెంబరులో పెర్ల్‌హార్బర్ దాడిలో ఒళ్లు కాలినవాళ్లకు దాన్ని వాడారు. ఈనాటికీ రక్తం నుంచి ఆల్బుమిన్ తీయడానికి ఆ చల్లటి ఆల్కహాలు పద్ధతే పునాది. మా నాన్న మంచం పక్కన వేలాడిన సీసా వెనకున్నదీ ఆ మెట్లే.

ఆల్బుమిన్ 585 ముక్కల గొలుసు. అందులో సగానికి పైగా జడలే. మరి దానికి వెయ్యికి పైగా డిబైలు రావాలి కదా అని మావయ్యను అడిగాను. "జడలన్నీ ఒకవైపే చూస్తే వచ్చేవి. ఒకటి తూర్పుకీ ఇంకోటి పడమరకీ మడిచి ఉంటే?" అన్నాడు. నిజమే. జడ లోపల కూడిక, జడల మధ్య మళ్లీ కొట్టివేత.

కొన్నిచోట్ల మాత్రం ఆ మడతలు కావాలనే ఒకవైపు గురిపెట్టినట్టు ఉంటాయి. గుండె కొట్టుకోవాలంటే కణాల గోడల్లోంచి పొటాషియం అయాన్లు లోపలికీ బయటికీ నడవాలి. ఆ గోడ నూనెలాంటిది, ధనావేశమున్న పొటాషియానికి అక్కడ నిలవడం మహా కష్టం. 1998లో రాడ్రిక్ మెక్‌కినన్ బృందం ఒక బ్యాక్టీరియాలో ఆ దారి ఎలా ఉంటుందో చూపించింది. మన గుండెలో ఉండే దారులకూ మూల నమూనా అలాంటిదే. దారి మధ్యలో చిన్న కుహరం. దాని చుట్టూ నాలుగు పొట్టి జడలు. నాలుగింటి మైనస్ కొసలూ ఆ కుహరం మధ్యకే చూస్తున్నాయి, పొటాషియాన్ని పట్టి నిలిపేలా! మెక్‌కినన్‌కు 2003లో నోబెల్ వచ్చింది.

ఇదంతా చెబితే అమ్మ శ్రద్ధగానే విన్నది. "అయితే నాన్న సీసాకీ నా పళ్లేనికీ చుట్టరికమన్నమాట" అంది. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండానే "ఖరీదులో మాత్రం కాదులే" అన్నారు. ఆయనిప్పుడు బాగానే ఉన్నారు, ఉప్పు తగ్గించి తింటున్నారు.

అమ్మ వేళ్ల మీద పొరలు ఊడి కొత్త చర్మం వచ్చింది. పూలపూల పళ్లేల సెట్టు ఆరూ వంటింట్లోంచి దేవుడి గదిలోకి మారాయి. ఒకదాంట్లో మందారాలు, ఇంకోదాంట్లో అరటిపళ్లు. ఉప్మా గాజుగిన్నెలోనే వేడవుతోంది.